మహారాజశ్రీ డెస్క్‌టాప్ గారికి, తమరు నిజంగా వచ్చేశారా?

మహారాజశ్రీ డెస్క్‌టాప్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇటువైపు కుశలం అంతంత మాత్రమే. తమరు మాత్రం మంచుకొండలూ సరస్సులూ వెనక పెట్టుకుని హాయిగా కనిపిస్తున్నారు. కనిపించడంలో తమరిని మించినవారు లేరు. మన పేచీ అంతా తమరు కనిపించాకే మొదలవుతుంది.

నిన్న మా తమ్ముడి కూతురు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. కాలేజీ కోడ్లన్నీ వరసగా నోట్‌బుక్‌లో రాసుకుని నా పక్కన కూర్చుంది.

"పెదనాన్నా, ఆన్ అయిందా?"

"అయిందమ్మా."

"అయితే సైట్ ఓపెన్ చెయ్యి."

"అవట్లేదు."

"మరి ఆన్ అయిందన్నావ్?"

ఈ పిల్లకి ఏం జవాబు చెప్పాలో తమరే సెలవివ్వండి. ఐకాన్లున్నాయి, మూలన గడియారముంది, బాణం కదులుతోంది. బ్రౌజర్ మీద నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. ఇంకాస్త గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే లోపలికి వినిపిస్తుందన్నట్టు. కాసేపటికి ఆ నొక్కులన్నీ తమరికి ఒక్కసారే గుర్తొచ్చాయి. కిటికీ మీద కిటికీ తెరుచుకుంది. వాటన్నిటి మీదా ప్రింటర్ సాఫ్ట్‌వేర్ వారి పలకరింపు. ఆ ప్రింటర్ని అమ్మేసి ఏళ్లయింది. మా అమ్మాయి ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపే తమరు ఫ్రీజ్ అయిపోయారు.

పెళ్లి భోజనాల దగ్గర ఆకు వేసి, గ్లాసులో నీళ్లు పోసి, "కూర్చోండి కూర్చోండి" అని మర్యాదగా కూర్చోబెట్టాక, వెనక వంటశాలలో ఇంకా బియ్యం కడుగుతున్నారని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆకే వెయ్యకపోతే బయట కుర్చీల్లో కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకునేవాళ్లం కదండీ. తమరు ఇంకో రెండు నిమిషాలు నల్లటి తెర వెనకే ఉండిపోయినా నాకు అభ్యంతరం లేదు. వెళ్లి కాఫీ కలుపుకుంటాను. వచ్చినట్టే వచ్చి రాకపోవడమే భరించలేకుండా ఉన్నాను.

పోనీ, చేతకాక జరుగుతోందా అంటే అదీ కాదు. విండోస్ విస్టా నాటి నుంచి సర్వీసులకు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములకు, డిలేడ్ స్టార్ట్ అనే ఏర్పాటు ఉంది. అలా గుర్తుపెట్టినవి మామూలుగా మిగతా సర్వీసులు మొదలైన 2 నిమిషాలకు గానీ కదలవు. బూటింగ్, అంటే కంప్యూటర్ లేవడం, తొందరగా అయిపోవాలి గనక కొందరిని వెనక్కి నిలబెట్టారన్నమాట. చాలా తెలివైన పనే. ఆ 2 నిమిషాల సంగతి తెర ముందు కూర్చున్న మనిషికి ఎవరు చెప్పాలి?

వెనకటికి చెప్పేవాళ్లు ఉండేవారు. డబ్బా ముందు పవర్ లైటు పక్కన చిన్న లైటు ఒకటి, ఎర్రదో నారింజ రంగుదో. హార్డ్ డిస్క్ పనిచేస్తున్నంతసేపూ మినుకు మినుకుమనేది. లోపల డిస్కు కరకరమంటూ దానికి వంత పాడేది. కరెంటు పోయి వచ్చాక నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్లెవరూ మానిటర్ వంక చూసేవారు కాదు, వంగి ఆ లైటు వంక చూసేవారు. ఆగిందా, పని మొదలు. ఆగలేదా, మౌస్ ముట్టుకోవద్దు. ఇంజినీరింగ్ చదవని వాడికి కూడా అర్థమయ్యే ఏర్పాటు అది. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ లైటు లేదు. తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ డిస్కు వచ్చాక కరకర కూడా పోయింది. కీబోర్డు కింద రంగురంగుల దీపాలకు మాత్రం చోటు దొరికింది.

మోతల సంగతి వేరు. విండోస్ 95కి ఆ కొన్ని సెకన్ల స్వాగత సంగీతం కట్టింది బ్రయాన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు. దాన్ని యాపిల్ వారి మ్యాక్ మీద కట్టానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు (అది తొందరగా లేచి ఉంటుంది, పాపం). ఆ మోత విని పరిగెత్తుకొచ్చినా మనం కాసేపు ఆగాల్సిందే, కాకపోతే కనీసం పాట విని ఆగేవాళ్లం. 2012లో విండోస్ 8తో ఆ మోతను ఆపేశారు. 2021లో విండోస్ 11తో తిరిగి తెచ్చారు. ఎప్పుడు తెచ్చినా, ఎప్పుడు తీసినా అది మొదలైందనే చెప్పింది గానీ అయిపోయిందని ఎన్నడూ చెప్పలేదు.

అందుకే మేం మా పద్ధతి మేం కనిపెట్టుకున్నాం. రైట్ క్లిక్, రిఫ్రెష్. రైట్ క్లిక్, రిఫ్రెష్. దానివల్ల కంప్యూటర్ వేగం పెరగదని కుర్ర ఇంజినీర్లు మాకు పాఠాలు చెబుతుంటారు. వేగం కోసమని ఎవరన్నారు నాయనా? ఐకాన్లు ఠక్కున మినుక్కుమంటే లేచినట్టు, నీరసంగా ఒక్కొక్కటే తేలితే ఇంకా లేవనట్టు. అది మా నాడి పరీక్ష.

షట్‌డౌన్ మాట ఎత్తితే ఇంకో ఉత్తరం రాయాలి. రాత్రి షట్‌డౌన్ కొట్టి పడుకుంటాం. పొద్దున టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్, అంటే లేచి ఎంతసేపైందనే లెక్క, చూస్తే రోజుల లెక్కలో ఉంటుంది. తొందరగా లేవడానికి పెట్టిన ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని సగం నిద్రే పోతారు తమరు. పూర్తిగా పడుకోవాలంటే రీస్టార్ట్ నొక్కాలట. సరే, కానివ్వండి.

కానీ ఒక్క విషయం మాత్రం క్షమించలేను. మొదలవడం ఎప్పుడు పూర్తయిందో చెప్పడం కష్టమని, ఎక్కడ గీత గియ్యాలో ఎవరికీ తెలియదని ఇన్నాళ్లూ తమ తరఫున నేనే సర్దిచెప్పుకున్నాను. తీరా లోపల జరిగినవన్నీ పద్దు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ అని గది తర్వాత గది దాటుకుంటూ వెళ్తే, అక్కడ 100 నంబరు ఈవెంట్ ఉంటుంది. బూట్‌కి ఎంత పట్టిందో మిల్లీసెకన్లలో. డెస్క్‌టాప్ వచ్చేదాకా ఒక లెక్క, వచ్చాక ప్రాసెసరూ డిస్కూ ఊపిరి పీల్చుకునేదాకా పోస్ట్ బూట్ అని ఇంకో లెక్క. వేరువేరుగా! నిలువు గడుల్లో!

అంటే నీకు తెలుసు. కనిపించడం వేరు, సిద్ధమవడం వేరు అని నీకు ముందునుంచీ తెలుసు. తెలిసి, కొలిచి, రాసి, ఎవరూ తెరవని బీరువాలో దాచిపెట్టి, నా మొహాన మంచుకొండ ఫొటో పెట్టావు. ఎండలో సైకిలేసుకుని వచ్చిన పిల్ల నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని గడియారం చూసుకుంటూ ఉంటే, మిల్లీసెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు. వాతావరణం చెప్పడానికి చోటుంది నీకు. క్రికెట్ స్కోరు చెప్పడానికి చోటుంది. ఎవడూ అడగని వార్తలు మూలనుంచి తోసుకురావడానికి చోటుంది. "అయింది, ఇక కానియ్" అని ఒక్క మాట చెప్పడానికి లేదా?

పాట వద్దు. యానిమేషన్ వద్దు. ఆ 100 నంబరు పద్దు రాసుకునే క్షణాన గడియారం పక్కన ఒక చుక్క, ఆకుపచ్చది, వెలిగించు. అప్పటిదాకా నా క్లిక్కులు ఒక్కటి కూడా దాచిపెట్టుకోకు.

ఇట్లు,
మౌస్ మీంచి చెయ్యి తీసి కూర్చున్నవాడు