చేతులు చూపించండి, కిటికీలు కాదు

రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జర్మన్ స్వరకర్త బాఖ్ ఒంటి ఫిడేలుకి రాసిన షకోన్ వీడియో ఒకటి చూస్తూ కూర్చున్నాను. పాతకాలపు చర్చి, పేగు తీగల ఫిడేలు, బాఖ్ కాలం నాటి పొట్టి బరోక్ కమాను. వాయించిన ఆవిడ కూడా మామూలు మనిషి కాదు. డి మైనర్‌లో, అంటే దిగులు పలికే స్వరవరసలో మొదలయ్యే ఆ పావుగంట బరువు మధ్యలో మేజర్‌లోకి, అంటే వెలుగున్న వరసలోకి తిరిగి కాస్త తెరిపిన పడుతుంది. తర్వాత మళ్ళీ మైనర్‌లోకి దిగిపోతుంది. నాకు ప్రాణం అక్కడే. సరిగ్గా ఆ దిగే క్షణంలో కెమెరా ఎటు పోయిందో తెలుసా? చర్చి కిటికీ రంగుటద్దాల మీదికి! అక్కణ్ణుంచి కొవ్వొత్తి మీదికి. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఒళ్ళు మండిపోయింది.

1720 నాటి రాతప్రతి మీద బాఖ్ తన చేత్తోనే రాసిపెట్టాడు, ఇవి బాస్ (కింది స్వరాలు పలికే వాద్యం) తోడు లేకుండా ఒంటి ఫిడేలుకి అని. మూడు సొనాటాలు, మూడు పార్టీటాలు, అన్నీ కొన్ని భాగాలుగా కూర్చిన రచనలే. షకోన్ రెండో పార్టీటాలో చివరి భాగం. అక్కడున్నదల్లా ఒక మనిషి, నాలుగు తీగలు, ఒక కమాను. ఆ చేతులు తప్ప ఇంకేం చూపిస్తారు?

తీగల కింది బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి కమాను నాలుగు తీగల మీదా ఒకేసారి నిలవదు. నాలుగు స్వరాలు కలిసి పలికే కార్డ్ కావాలంటే కింది రెండూ తాకి, మణికట్టు చిన్నగా తిప్పి పై రెండిటి మీదికి వెళ్ళాలి. ఆ స్వరాలే ఒకదాని వెంట ఒకటి దొర్లే ఆర్పెజియోల చోట ఆ మణికట్టు అలలా ఆడుతూనే ఉంటుంది. అది చూస్తేనే కదా ఒక్క మనిషి ముగ్గురిలా ఎలా పలుకుతోందో తెలిసేది! నేర్చుకునే పిల్లలు వీడియో పెట్టుకునేది దానికోసమే. ఉత్త పాట కావాలంటే ఆడియో చాలు.

మన కచేరీల ప్రసారాలదీ ఇదే గోల. ఆలాపనలో ఫిడేలు వంతు రాగానే గాయకుడు మంచినీళ్ళు తాగడం చూపిస్తారు, లేదా ముందు వరసలో శాలువా కప్పుకున్న పెద్దమనిషిని. మా గురువుగారు ముప్పై ఏళ్ళు పక్కవాద్యం వాయించారు. ఒకసారి టీవీలో ఆయన కచేరీ వస్తోందని ఇంటిల్లిపాదీ కూర్చుంటే గంటసేపట్లో కనిపించింది ఆయన మోచెయ్యి. ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఫిడేలుకి తీగ మార్చుకుంటూ కూర్చున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలుతో ఒంటిగా కచేరీలు చేసి మెప్పించిన చోటండీ ఇది! ఆ మోచెయ్యి గుర్తొస్తే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఒకే కెమెరా, కదలకుండా, రెండు చేతులూ కనిపించేలా తీసిన షకోన్ ఎవరి దగ్గరైనా ఉంటే కింద లింకు పెట్టండి. వెలుతురు సరిగ్గా లేకపోయినా ఫర్వాలేదు.