సెన్షర్ వేరు, సెన్సార్ వేరు

మీ వ్యాసంలో 'సెన్షర్' అంటే నిషేధించడం అని రాశారు. అది సెన్సార్ అండీ. సెన్షర్ అంటే ఫలానా వాళ్లు తప్పు చేశారని అధికారికంగా, రికార్డుకెక్కేలా మందలించడం.

ఈ తికమకకి కారణం లేకపోలేదు. రెండిటికీ మూలం లాటిన్ 'సెన్సేరే', అంటే లెక్కగట్టడం, అంచనా వేసి తీర్పు చెప్పడం. ప్రాచీన రోమ్‌లో సెన్సార్లని ఇద్దరు అధికారులు ఉండేవారు. పౌరుల తలలూ ఆస్తులూ లెక్క రాసేది వాళ్లే, సెన్సస్ అన్న మాటా ఆ కుదురుదే. నడవడి బాగాలేని వాళ్ల పేరు పక్కన మచ్చ గుర్తు పెట్టేదీ వాళ్లే. ఆ గుర్తు పడితే సెనేట్ సభ్యత్వం కూడా పోయేది.

ఇప్పటి సెన్షర్‌కి సాధారణంగా అంత బలం లేదు. 1834లో అమెరికా సెనేట్ ఆ దేశాధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌ని సెన్షర్ చేసింది, ఆయన పదవిలోనే కొనసాగారు. అయినా ఆయన వర్గం పట్టు వదలక 1837లో దాన్ని రికార్డుల్లోంచి కొట్టేయించింది. ఉత్త మాటే అయితే అంత పట్టుదల ఎందుకు?

తెలుగులో దీన్ని 'అభిశంసన' అంటున్నాం, ఇంపీచ్‌మెంట్‌కీ అదే మాట వాడుతున్నాం. పదవి ఊడగొట్టే ప్రక్రియకీ మందలింపుకీ ఒకే పేరుంటే చదివేవాళ్లు ఎలా పోల్చుకుంటారు? సెన్షర్‌ని 'అధికారిక మందలింపు' అని రాయండి, దయచేసి.