సోమరితనం కొలిచే పద్ధతి

మిర్యాలగూడలో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా తీర్పు వేడివేడిగా సిద్ధంగా ఉంటుంది: వచ్చినోళ్ళు కష్టపడతారు, ఉన్నోళ్ళు సోమరులు. తీర్పు మీద ఎవరికీ పేచీ లేదు. లోటల్లా ఒక్కటే, దాన్ని నిరూపించే శాస్త్రాన్ని ఇంతవరకు ఎవరూ పద్ధతిగా రాసిపెట్టలేదు. చెప్పేవాడు చెప్పి పోతాడు, వినేవాడు తలూపి పోతాడు, లెక్క అడిగినవాణ్ణి మాత్రం అందరూ అనుమానంగా చూస్తారు. ఈ కొరత తీర్చడానికే ఈ వ్యాసం. ఎవర్ని ఎవరితో పోల్చినా, ముందే అనుకున్న ఫలితం తప్పకుండా వచ్చే విధానం ఇందులో ఉంది.

అన్నిటికంటే కీలకం, లెక్క ఏ ఏడు నుంచి మొదలుపెట్టాలన్నది. ఈ దిక్కు పొలాలకు నీళ్ళిచ్చే నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. ఈ పన్నెండేళ్ళను పొరపాటున కూడా పట్టికలోకి రానివ్వొద్దు. కృష్ణా డెల్టాకు విజయవాడ ఆనకట్ట 1855లోనే పూర్తయింది. అంటే సాగర్‌కు పునాదిరాయి పడేనాటికి అక్కడి రైతు చేతిలో వందేళ్ళ వరి అనుభవం ఉంది, ఆ అనుభవానికి తగ్గ ధర పలికే భూమీ ఉంది. హుజూర్‌నగర్ దిక్కు చెలకల్లో అప్పటికి జొన్నలు, ఆముదాలు. అక్కడ ఒక ఎకరం అమ్ముకొచ్చినవాడికి ఇక్కడ నాలుగైదెకరాలు వచ్చేవని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కాబట్టి 1955 నుంచి లెక్క తీస్తే పోటీ జరిగింది ఇద్దరు మనుషుల మధ్య కాదు, వందేళ్ళ తేడాతో కట్టిన రెండు ఆనకట్టల మధ్య అని బయటపడే ప్రమాదం ఉంది. 1975 నుంచి మొదలుపెట్టండి. అప్పటికి సెటిలర్ (డెల్టా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నవాడు) పొలంలో రెండు పంటలు పండుతుంటాయి, పక్కనున్న స్థానికుడి చెలక బీడుగా ఉంటుంది. ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చాలు.

ఆ చెలక బీడుగా ఎందుకుందని ఎవడో ఒకడు అడగకపోడు. వాడికి జవాబు చెప్పకూడదు గానీ, శాస్త్రం రాసేవాడికి తెలిసి ఉండాలి. కాలువ రావడం వేరు, మడికి నీళ్ళు పారడం వేరు. ఎగుడుదిగుడు చెలకను మడి చెయ్యాలంటే చదును చెయ్యాలి, గట్లు పొయ్యాలి, తూము నుంచి పిల్లకాలువ తవ్వుకోవాలి. మొదటి పంట చేతికి రాకముందే ఇదంతా చెయ్యాలి, అంటే అప్పు కావాలి. బ్యాంకుకు పోతే పట్టా చూపించమంటారు. పట్టా తాత పేరు మీద ఉంటుంది. తాత పోయి ఇరవయ్యేళ్ళు. విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, చేయిద్దామంటే నలుగురు అన్నదమ్ములూ ఒకచోటికి రావాలి. ఒకడు మహారాష్ట్రలోని భివండీలో మగ్గం మీద ఉంటాడు, ఇంకొకడికి పట్వారీతో మాటల్లేవు. ఇటు భూమి కొనుక్కున్న మనిషి కాగితమేమో నిన్నగాక మొన్న రిజిస్టరైంది, తన పేరు మీదే, హద్దులతో సహా. బ్యాంకు మేనేజరుకు అది కష్టజీవి లక్షణంగా కనబడుతుంది. మిగతా సంగతి వడ్డీవ్యాపారి చూసుకుంటాడు. రెండు పంటలు ఎండితే చాలు, ఆ బీడూ చేతులు మారుతుంది, కొన్నవాడి కష్టార్జితంలో కలుస్తుంది.

ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు రెండు వైపుల నాయకులు రాసుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని ఒక షరతు రాసుకున్నారు. పెద్దమనుషులు రాసుకున్నది కదా, చిన్నమనుషుల దాకా రాలేదు.

తేదీ కుదిరాక మనుషులను ఏరుకోవాలి. వచ్చినవాళ్ళలో నిలబడ్డవాణ్ణే తీసుకోవాలి. మిరపతోటో పత్తో దెబ్బతిని, ఉన్నదమ్ముకుని వెనక్కి పోయినవాడు మన కళ్ళముందు లేడు కాబట్టి లెక్కలోనూ ఉండడు. భూమి కొనడానికి కాక అదే భూమిలో కూలికి వచ్చిన గుంటూరు మనిషిని కూడా వదిలెయ్యాలి. కష్టం దగ్గర అతనికి వంక పెట్టలేం గానీ ఆస్తి దగ్గర సగటు చెడగొడతాడు. కులం మాట అసలు ఎత్తకూడదు. అమ్మడానికి అక్కడ ఎకరం ఉన్న ఇంటిని, ఇక్కడ తరతరాలుగా ఎకరమే లేని మాదిగ ఇంటితో పోల్చి, తేడా అంతా ప్రాంతం తేడా అని తేల్చెయ్యాలి. సాహసవంతులు దీన్ని రక్తం తేడా అని కూడా అంటారు. ఆధారాలు లేకపోయినా వినసొంపుగా ఉంటుంది.

స్థానికుల వైపు నుంచి ఎవరైనా ఎదురు లెక్క తీస్తే వాళ్ళ నోరు మూయించడానికీ ఒక ఆయుధముంది, దాని పేరు సగటు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని సాయుధ పోరాట చరిత్ర చదివినవాళ్ళందరికీ తెలుసు. ఆయన్ని, ఆయన గడీలో వెట్టి చేసిన వెయ్యి ఇళ్ళను ఒకే పట్టికలో వేసి సగటు తీయండి. ఇంటికి దాదాపు నూట యాభై ఎకరాలు పడుతుంది. ఇంత భూమి పెట్టుకుని పేదరికమంటే సోమరితనం కాక మరేమిటి? వెట్టిని మాత్రం పని కింద రాయొద్దు. కూలి ముట్టలేదు కాబట్టి అది ఆర్థిక కార్యకలాపం కాదు.

ఇంతవరకు శాస్త్రం సాఫీగానే నడుస్తుంది. చిక్కంతా పాలమూరుతో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాతో. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే ఆ జిల్లాలో, దక్షిణపు అంచున తుంగభద్ర. రెండు నదులున్న జిల్లా కరువు జిల్లా అయిందంటే మనుషుల్లోనే ఏదో లోపముందని తేల్చెయ్యొచ్చు, తేల్చారు కూడా. కానీ సాగర్ మొదలు దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల మట్టి తవ్వింది పాలమూరు లేబరే. ఇంటి దగ్గర సోమరి అయినవాడు పరాయి రాష్ట్రంలో కట్ట ఎలా పోశాడు? దీనికి ఒకటే సమాధానం. కష్టపడే గుణం నెత్తుట్లో ఉండదు, టికెట్టులో ఉంటుంది. నారాయణపేటలో ముంబై బస్సెక్కేదాకా అతను సోమరి, రాష్ట్రం పొలిమేర దాటగానే కష్టజీవి. తిరుగు బస్సు దిగి ఊళ్ళో రావికట్ట మీద కూర్చున్నాడా, గుణం మళ్ళీ పోతుంది.

ఆ టికెట్టు డబ్బు ఎక్కడిదో కూడా చూద్దాం. దసరా, దీపావళి దాటేసరికి గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. అడ్వాన్సు పాత అప్పుకు పోతుంది. రోజుకు ఎన్ని గంటలు చెయ్యాలో కాగితంలో ఉండదు, ఎందుకంటే కాగితమే ఉండదు. తిండిగింజలు మేస్త్రీయే కొనిస్తాడు, వాటి లెక్కా మేస్త్రీ దగ్గరే ఉంటుంది. జ్వరమొచ్చిన రోజులు కోత. తొలకరికి ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే మిగిలేది వచ్చే ఏటి అడ్వాన్సు అవసరం. పిల్లలను ముసలమ్మ దగ్గర వదిలితే బడి, వెంట తీసుకుపోతే గుడారం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అట్టడుగు అక్షరాస్యత మహబూబ్‌నగర్‌ది, 55 శాతం. దీన్ని 'చదువు మీద శ్రద్ధ లేకపోవడం' అన్న శీర్షిక కింద వెయ్యాలి.

అదృష్టం బాగుండి సర్కారు లెక్కలు కూడా మన శాస్త్రానికి సహకరిస్తాయి. 2011 జనగణన ఇంటింటికీ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. సరిగ్గా అప్పుడే పాలమూరు తాండాల్లో తాళాలు. ఇక జాతీయ నమూనా సర్వే వాళ్ళు 2007-08లో, పని కోసం నెల నుంచి ఆరు నెలల లోపు బయట ఉన్నవాణ్ణి తాత్కాలిక వలస కూలీగా రాసుకున్నారు. ఎనిమిది నెలలు పోయినవాడు ఆ గడిలో పట్టడు. ఎక్కువ కష్టపడితే లెక్కలోంచే జారిపోతాడన్నమాట.

మరి మన జనగణన దృష్టిలో అచ్చమైన వలసదారులు ఎవరు? పుట్టిన ఊరు, ఇంతకుముందున్న ఊరు అడిగి రాసే లెక్క అది. దాని ప్రకారం దేశంలో అత్యధిక వలసదారులు పెళ్ళి చేసుకుని ఊరు మారిన ఆడవాళ్ళు. కాబట్టి వలస వచ్చినవాళ్ళకూ స్థానికులకూ మధ్య పని పంపకం తెలుసుకోదలచినవాళ్ళు కాలువ గట్ల దాకా పోనవసరం లేదు, ఏ ఇంట్లోనైనా తెల్లవారుజామున ఎవరు లేచారో చూస్తే చాలు. అయితే ఈ పరిశోధనకు స్థానికులు ఇంతవరకు అనుమతి ఇవ్వలేదు.

ఇప్పుడు కాలం తిరిగింది. నాడు సోమరి అనిపించుకున్న రైతు మనవడు నేడు గట్టు మీద నిలబడి అదే తీర్పు తన ఊరివాళ్ళ మీద చెబుతున్నాడు. "మనోళ్ళు ఏం చేస్తరే, బీహారోళ్ళను చూడు, పొద్దూకేసరికి ఎకరాలకు ఎకరాలు నాటేస్తరు." పొరుగింటి పుల్లకూర ఎప్పుడూ రుచే. ఈ పోలికకు కావాల్సిన జాగ్రత్తలు చాలా సులభం. బీహార్, బెంగాల్ నుంచి వచ్చేది పాతికేళ్ళకు అటూఇటూ ఉన్న మగవాళ్ళ గుంపు. ఊరి నాటు గుంపులో అరవై దాటిన అవ్వ ఉంటుంది, పాలిచ్చే తల్లి ఉంటుంది. బీహార్ గుంపుకు ఎకరానికింత అని గుత్త. త్వరగా నాటితే ఇంకో ఎకరం దొరుకుతుంది. ఊరి ఆడమనిషికి దినకూలి; త్వరగా నాటితే రేపటి పని ఇవాళే అయిపోతుంది. వాళ్ళు పొలం దగ్గరే పడుకుంటారు, వంట ఒకడే చేస్తాడు. ఈమె పొద్దున్నే ఇంట్లో వండిపెట్టి వచ్చింది, సాయంత్రం పోయి మళ్ళీ వండాలి. వయసు, గుత్త, వంట ఈ మూడింటినీ పక్కనపెట్టి నాటిన మొక్కలు మాత్రమే లెక్కపెట్టండి.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు పోయినప్పుడు ఇంకొక జాగ్రత్త. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్ను వంగదు. నాటెయ్యాలంటే వంగాలి. కాబట్టి అక్కడ స్థానికుడు వంగి పని చెయ్యడన్న మాట అక్షరాలా నిజం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే పెట్టుకున్నారు, అంతకంటే గౌరవం ఇంకేం కావాలి?

రైసుమిల్లు సంగతికొస్తే, నలభై కిలోల వడ్ల బస్తా వీపు మీదికెత్తుకుని లారీకి వాల్చిన పలక ఎక్కి దిగే పనికి బస్తాకింత అని హమాలీ. ఈ పని వలసొచ్చినవాడే ఎందుకు చేస్తాడంటే, ఇల్లు దూరమైనవాడు పండగకూ పెళ్ళికీ సెలవడగడు. అది సుగుణం కింద రాసుకోవాలి. 2020 మే నెలలో దేశంలోని వలస కూలీలంతా ఇళ్ళకు నడుస్తుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలు రైల్లో లింగంపల్లికి వచ్చారు. మంత్రిగారే ఎదురెళ్ళి స్వాగతం చెప్పి మిల్లులకు పంపారు. కష్టజీవి విలువ అంత స్పష్టంగా ఇంకెప్పుడూ తెలియలేదు. యాసంగి వడ్లు అప్పుడు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా ఉన్నాయి.

చివరగా అమెరికా. ఇక్కడ మన శాస్త్రం పతాకస్థాయికి చేరుతుంది, ఎందుకంటే వచ్చినవాళ్ళం మనమే. 2023లో అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షన్నర డాలర్ల దరిదాపు. దేశం మొత్తానికి ఎనభై వేల దరిదాపు. కాబట్టి డాలస్ నుంచి ఫోన్ చేసిన సూర్యాపేట పిల్లగాడు "ఈ తెల్లోళ్ళకు లెక్కలు రావు, పని చెయ్యరు" అంటే కాదనలేం. ఏటా ఎనభై ఐదు వేల హెచ్-వన్-బీ వీసాలకు లాటరీ తీస్తారు, డిగ్రీ గానీ దానికి సమానమైన అనుభవం గానీ లేనివాడికి ఆ లాటరీలో చీటీయే లేదు, ఆమోదం పొందేవాటిలో డెబ్బై శాతానికి పైగా భారతీయులవే. దేశమంతా జల్లెడ పట్టి మీద నిలిచినవాళ్ళను పంపి, వాళ్ళను వెస్ట్ వర్జీనియాలో మూతబడ్డ బొగ్గుగని పక్కన పుట్టినవాడితో పోల్చాలి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే కుటుంబ ఆదాయం చెప్పాలి, ఒక్కొక్కరి ఆదాయం చెప్పకూడదు. దుబాయ్ లేబర్ క్యాంపులో ఉన్న అదే ఊరి పిల్లగాణ్ణి ఈ పట్టికలోకి తేవొద్దు. రక్తం ఒకటే అయినా వీసా వేరు, సగటు పడిపోతుంది.

రెండో తరాన్ని ఎటు రాయాలన్న సందేహం కొందరికి ఉంది. స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లను మన ఖాతాలో రాయాలి, ఊరి పేరుతో సహా పేపరుకు ఇవ్వాలి. కాలేజీ మానేసి బేస్‌మెంటులో గిటారు వాయించుకునే పిల్లగాడు టెక్సస్‌లో పుట్టాడు కాబట్టి అతణ్ణి స్థానికుల కింద రాయండి.