ఉరితాడే కాపురాలను నిలిపిందా? ఒక ప్రచారానికి ఖండన

“పూర్వం ఇంగ్లండులో పరాయి సంబంధానికి ఉరిశిక్ష ఉండేది, ఆ భయంతోనే కాపురాలు నిలిచాయి, ఆడవారికైనా మగవారికైనా న్యాయం ఒకటే, దైవభక్తి సన్నగిల్లాకే ఆ కట్టడి సడలింది” అన్న సందేశం ఎంతోమంది పంచుకోగా తిరుగుతోంది. అలాంటి చట్టం ఒకటి ఉండేదన్న మాట వరకు నిజం. మిగతా మూడూ నిలిచేవి కావు.

ఆ చట్టం 1650 మే నెలలో వచ్చింది. అంతకు ముందు ఏడాదే రాజు తల నరికించిన పార్లమెంటు, ప్యూరిటన్లనే కఠిన నియమాల ప్రొటెస్టెంటు క్రైస్తవుల పట్టుదలతో, పాపాన్ని నేరంగా మార్చింది. 1660లో రాచరికం తిరిగి రాగానే అది చెల్లకుండా పోయింది కాబట్టి దాని ఆయువు పదేళ్లే. అంతకు ముందూ తరువాతా ఈ తగవులు చర్చి న్యాయస్థానాలవి. అక్కడి శిక్ష ఉరి కాదు, అవమానం. దోషి ఆదివారం ప్రార్థన వేళ తెల్లని దుప్పటి కప్పుకొని, చేత తెల్లని బెత్తం పట్టుకొని, ఊరందరి ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోవాలి. డబ్బున్నవారు కొంత సొమ్ము చెల్లించి ఆ దుప్పటినీ తప్పించుకోగలిగేవారు. ఇక ఆ పదేళ్లలో నిజంగా ఉరికంబమెక్కినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. భార్యాభర్తల సాక్ష్యం ఒకరి మీద ఒకరిది చెల్లదని చట్టమే చెప్పింది; పొరుగింటి గుట్టును వీధిలో చెప్పుకోవడానికి వెనుదీయని జనం, అదే పొరుగువారిని జ్యూరీలో కూర్చొని చావుకు పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు.

‘న్యాయం ఒకటే’ అన్న మాటకు ఆ చట్టం పాఠమే సమాధానం. మరణశిక్ష పడేది వివాహిత స్త్రీ, ఆమెతో కూడిన పురుషుడు దొరికినప్పుడే. పెళ్లయిన మగవాడు పెళ్లికాని స్త్రీతో పట్టుబడితే అది చిన్న నేరం. శిక్ష మూడు నెలల జైలు. ఈ వివక్ష ఆ చట్టంతో పోలేదు. 1857లో విడాకులు మామూలు కోర్టుకు వచ్చినప్పుడు కూడా భర్తకు భార్య తప్పు ఒక్కటి రుజువైతే సరిపోయేది, భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో మరొకటి చూపవలసి వచ్చేది. ఆ తేడా తొలగింది 1923లో.

భయం కాపురాలను కాచిందన్న వాదనకు, చట్టం పోయి ఎనిమిదేళ్లే అయిన నాటి ఒక ఇంటిని చూద్దాం. నౌకాదళ కార్యాలయ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ ఆ చట్టం కాలంలోనే పెరిగి, 1655లో పెళ్లి చేసుకున్నాడు. 1668 అక్టోబరు 25 రాత్రి, తన తల దువ్వుతున్న పరిచారిక డెబ్‌ను కౌగిలించుకొని ఉండగా భార్య ఎలిజబెత్ కంటబడ్డాడు. ఆ సంగతి ఆయనే దినచర్యలో రాసుకున్నాడు. తరువాత వారాలకు వారాలు నిద్రలేని రాత్రులు, కన్నీళ్లు, ప్రమాణాలు. జనవరిలో ఒక రాత్రి ఎలిజబెత్ ఎర్రగా కాల్చిన పట్టుకారుతో పడక దగ్గరికి వచ్చింది. ఆయనను వణికించింది భార్య ఆగ్రహమే తప్ప ఏ న్యాయస్థానమూ కాదు. పని పోగొట్టుకున్నది మాత్రం డెబ్. పంపించివేసిన తరువాత కూడా ఆయన ఆమెను రహస్యంగా వెదుక్కుంటూ వెళ్లాడన్నది గమనించదగిన విషయం.

చివరిది, దైవభక్తి. 18వ శతాబ్దపు ఇంగ్లండు నాస్తిక దేశమేమీ కాదు. చర్చి న్యాయస్థానాలు 1661లోనే తిరిగి వచ్చాయి; క్రమంగా తగ్గినది వాటి ముందుకు ఇలాంటి కేసులు తెచ్చే అలవాటు. పరాయి సంబంధం సమాజం మొత్తాన్ని అంటుకునే పాపమన్న భావన వెనుకబడి, అది భర్త హక్కుకు జరిగిన నష్టమన్న లెక్క ముందుకు వచ్చింది. భర్త ప్రియుడి మీద దావా వేసి సొమ్ము రాబట్టేవాడు. ఎవరి గురించి విచారణో ఆ భార్యకు అందులో నోరే లేదు. 1770లో లార్డ్ గ్రోవెనర్‌కు రాజు సొంత తమ్ముడైన కంబర్లాండ్ డ్యూక్ నుంచి 10,000 పౌండ్లు ఇప్పించిన తీర్పు ఇలాంటిదే. పరాయి సంబంధాన్ని మళ్లీ నేరం చేయాలని 1800లో తెచ్చిన బిల్లు ప్రభువుల సభను దాటింది గాని కామన్స్ సభ దానిని తిరస్కరించింది. పరిహారపు దావాలు మాత్రం ఆ పాత రూపంలో 1857 దాకా సాగాయి.