సర్వే సర్కారుది, బడి పిల్లలది

బడి పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో కొలిచే జాతీయ సాధన సర్వే 2017 నవంబరు 13న, 2021 నవంబరు 12న జరిగింది. పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అన్న కొత్త పేరుతో 2024 డిసెంబరు 4న మళ్లీ జరిగింది. 2021కీ 2024కీ మధ్య ఉన్న మూడేళ్ల ఎడమే కొనసాగితే తదుపరి సర్వే 2027లో రావాలి. అది వచ్చేలోగా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక విషయం తేల్చుకోవాలని మేము కోరుతున్నాం. ఈ పరీక్షకు సిద్ధపడవలసిన బాధ్యత ఎవరిది? ప్రభుత్వానిదా, ఎనిమిదేళ్ల పిల్లలదా?

ఇది మార్కుల కోసం పెట్టే పరీక్ష కాదు. 2024లో దేశంలోని 781 జిల్లాల్లో నమూనాగా ఎంచుకున్న 74 వేలకు పైగా పాఠశాలల్లో 3, 6, 9 తరగతులకు చెందిన 21 లక్షల మంది పిల్లలు దీన్ని రాశారు. రాసిన పిల్లవాడికి మార్కుల కాగితం రాదు, పాసూ ఫెయిలూ ఉండదు. జిల్లాలో చదువు ఎలా సాగుతోందో ప్రభుత్వానికి తెలియజెప్పడం వరకే దాని పని. నవోదయ ప్రవేశ పరీక్ష సంగతి వేరు. అందులో 80 ప్రశ్నలకు రెండు గంటల్లో జవాబులు రాయడం మీద ఐదో తరగతి విద్యార్థి సీటు ఆధారపడి ఉంటుంది కనుక, తల్లిదండ్రులు ఆదివారాలు కూడా కూర్చోబెట్టి చదివించడాన్ని తప్పుపట్టలేం. సర్వేలో పిల్లవాడికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయినా తేదీ దగ్గరపడేసరికి నమూనా ప్రశ్నపత్రాలు వచ్చిపడతాయి, వారం వారం మాక్ పరీక్షలు మొదలవుతాయి, మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు అడుగుతారు. ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడిలో దీని అర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు. మూడో తరగతి పిల్లలు ఎ, బి, సి, డిలలో ఒకదానికి సున్న చుట్టడం సాధన చేస్తూంటే, వాళ్ల వెనక కూర్చున్న ఒకటి, రెండు తరగతుల పిల్లలు పలకమీద గుణింతాలు దిద్దుతూ కాలం గడుపుతారు. తూకానికి ముందు పత్తిని తడిపితే కాటా మీద బరువు పెరుగుతుందేమో గానీ చేనులో దిగుబడి పెరగదు. ఇలా తర్ఫీదు ఇచ్చి రాబట్టిన అంకె ప్రభుత్వానికి కూడా పనికిరాదు, ఎందుకంటే తాను తెలుసుకోవాలనుకున్న నిజాన్ని తానే చెరిపేసుకున్నట్టవుతుంది.

2024 నవంబరులో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. జాతీయ సర్వేకు సరిగ్గా నాలుగు వారాల ముందు, నవంబరు 6న, రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టి, ప్రాథమిక పాఠశాలల్లోని సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను), ప్రధానోపాధ్యాయులను ఆ పనికి పంపింది. ఆ నెల ప్రాథమిక బడులు మధ్యాహ్నం ఒంటి గంట దాకానే నడిచాయి. ఆ సర్వే అవసరాన్ని మేము ప్రశ్నించడం లేదు. అయితే పదేళ్లకోసారి జరిగే జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు వాడరాదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. పూట బడితో నెల గడిచిన పిల్లలు డిసెంబరు 4న జాతీయ పరీక్షకు కూర్చున్నారు. మధ్యాహ్నపు పాఠాలు పోయిన లోటును మాక్ పరీక్షలు పూడుస్తాయని నమ్మడం ఎలా?

సర్వే చెప్పిన సంగతులు మాత్రం తేలిగ్గా తీసుకోదగినవి కావు. 99 వరకు ఉన్న అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చగలిగినవారు దేశవ్యాప్తంగా మూడో తరగతిలో 55 శాతమే. రెండంకెల కూడికలు, తీసివేతలు చేయగలిగినవారు 58 శాతం. ఆరో తరగతికి వచ్చినా పది వరకు కూడికలు, ఎక్కాలు వచ్చినవారు 53 శాతం. ఈ లోటును తీర్చే దారి ప్రశ్నపత్రాల కట్టల్లో కంటే బడి రోజువారీ జీవితంలోనే ఎక్కువగా ఉందని మా నమ్మకం. ప్రతి సర్కారు బడిలో నమోదు ఎంత, హాజరు ఎంత, బాలురు ఎందరు, బాలికలు ఎందరు అని రాసే బోర్డు ఒకటి ఉంటుంది. చాలాచోట్ల దాన్ని టీచరే ఆదరాబాదరాగా నింపేస్తారు. ఆ సుద్దముక్క మూడో తరగతి పాప చేతికిస్తే, నమోదు 52, రానివాళ్లు 9, హాజరు ఎంత అని రోజూ పొద్దున్నే నిజమైన తీసివేత చేస్తుంది. గుడ్డు పెట్టే రోజున వంట చేసే అమ్మ దగ్గరకు వెళ్లి ఎన్ని కావాలో చెప్పేదీ ఆ పాపే అయితే, లెక్క తప్పినప్పుడు ఎవరి కంచంలో గుడ్డు పడలేదో వెంటనే తేలిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతుక్కోవడం అక్కడ అలవడుతుంది. కంప్యూటరు దిద్దే ఓఎంఆర్ జవాబు పత్రం మీద తప్పు సున్న చుడితే ఆ అవకాశం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 నుంచి చిన్న తరగతుల పరీక్షల్లోకి కూడా ఆ పత్రాలను తెచ్చినప్పుడు, గడి దాటకుండా పెన్నుతో నింపడం నేర్పడానికి కూడా టీచర్లు సమయం పెట్టవలసి వచ్చింది.

చదవడం సంగతీ అంతే. శనివారం బాలసభలో రెండో తరగతి అమ్మాయి లేచి కథ మొదలుపెడుతుంది, సగంలో మరిచిపోతుంది, నాలుగో తరగతి అక్క అందిస్తుంది. వచ్చే వారం తానే కథల పుస్తకం అడిగి ఇంటికి తీసుకెళుతుంది. దసరా సెలవుల ముందు బడి ఆవరణలో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి పూల పేర్లు చీటీల మీద రాయిస్తే, అక్షరాలు రాని పిల్లవాడు కూడా తనకు తెలిసిన పూల పేరు తానే రాయాలని పట్టుబడతాడు. ఇవన్నీ కాలక్షేపమని, సర్వే ఏడాదిలో పక్కన పెట్టవచ్చని అనుకునే అధికారులు ఉన్నారు. మొదటగా కోతపడే పీరియడ్లూ ఇవే. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చిన్న పిల్లలు చదువును ఇష్టపడేది ఇలాంటి పనుల వల్లనే, భయం లేకుండా, ఆందోళన లేకుండా నేర్చుకునే వాతావరణం ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కోరేదీ దీన్నే.

ఆంధ్రప్రదేశ్‌లో సర్వే ముగిసిన మూడో రోజున, 2024 డిసెంబరు 7న, ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో తల్లిదండ్రుల మెగా సమావేశం జరిగింది. తల్లులు ముగ్గులు వేశారు, తండ్రులు తాడు లాగారు, పిల్లలతో కలిసి భోజనం చేశారు. హడావుడి ఎక్కువైందన్న విమర్శలో కొంత నిజం ఉన్నా, కూలికి వెళ్లే తండ్రి బడి గడప దాటి తన కూతురి ప్రగతి పత్రాన్ని టీచరుతో కలిసి చూడడం చిన్న విషయం కాదు. తెలంగాణలో తల్లులతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మరమ్మతుల పనులతో పాటు తల్లిదండ్రులను ఇలా బడికి రప్పించే పని కూడా అప్పగించవచ్చు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పడానికి అక్కడ 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఆశయం సరైనదే. ఏ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో టీచరుకు తెలియాలన్నదే దాని మూల సూత్రం. ఆ సమాచారం యాప్‌లో ఎక్కించడంతో ఆగిపోకుండా ఇంటికి చేరాలి.

కొలవడమే వద్దని మేము అనడం లేదు. సర్కారు బడుల నుంచి పిల్లలు ఏటేటా ప్రైవేటుకు తరలిపోతున్న కాలంలో, చదువు వస్తోందో లేదో నిజాయతీగా చూసుకోకపోతే పేద కుటుంబాలకు అన్యాయం చేసినవారమవుతాం. అందుకే సర్వేను సర్వేగా ఉండనివ్వాలి. జిల్లా ర్యాంకు తగ్గితే పై అధికారులు ఎంఈవోను, ఎంఈవో ప్రధానోపాధ్యాయుణ్ణి, ఆయన ఎస్జీటీని నిలదీసే వరుస ఆగాలి. పిల్లలకు ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో చూపించడానికి ఒకటి రెండు రోజులు చాలు. అంతకు మించి ప్రాథమిక పాఠశాలల్లో మాక్ పరీక్షలు పెట్టరాదని రెండు రాష్ట్రాల విద్యాశాఖలు రాతపూర్వకంగా ఆదేశించాలి. ఏకోపాధ్యాయ బడులకు సర్వే ఏడాది మొదలయ్యే జూన్‌లోనే రెండో టీచరును ఇవ్వాలి. ఫలితాలు వెలువడ్డాక జిల్లా లెక్కలను వాడుక తెలుగులో ఒక్క పేజీగా ముద్రించి ప్రతి బడి కమిటీకి పంపాలి. ఆ పేజీ మీద మాట్లాడుకోవడానికి తల్లిదండ్రులు వీలుగా వచ్చే సాయంత్రం వేళ ఒక సమావేశం పెట్టి, మండల విద్యాధికారి అక్కడికి వచ్చి వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి.