నొప్పి డైరీ ఆదుకుంది, కెగెల్ వీడియోలే ముంచాయి

ఆర్నెల్లు దాటినా తగ్గని పొత్తికడుపు నొప్పికి యాప్‌లు, వీడియో కన్సల్టేషన్లు సాయపడతాయని మీ వ్యాసంలో రాశారు. నా అనుభవం కూడా చెబుతాను. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. ఎనిమిదేళ్లు ఇదే పని: పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్లడం, స్కానింగ్‌లో ఏమీ లేదనిపించుకోవడం, గ్యాస్ మాత్రలతో తిరిగి రావడం. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు కనపడదని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

మా అమ్మాయి ఫోన్‌లో నొప్పి డైరీ యాప్ పెట్టింది. రోజూ సున్నా నుంచి 10 లోపు ఒక అంకె, నెలసరి తేదీ, నిద్ర, విరేచనం. అంతే. నెలసరికి రెండు రోజుల ముందు నొప్పి పెరుగుతోందని మూడు నెలల్లో తేలిపోయింది. అంతకుముందు డాక్టరు గారు "ఎప్పుడొస్తుందమ్మా?" అంటే "ఎప్పుడూనండి" అనేదాన్ని. ఆ లెక్క చూపించాకే నా మాట పూర్తిగా విన్నారు.

మీరు రాయనిది ఒకటుంది. నొప్పి తగ్గుతుందని యూట్యూబ్‌లో కెగెల్ వ్యాయామాలు (పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాలను బిగించి వదిలేవి) చూసి చేశాను, ఇంకా ఎక్కువైంది. కటి కండరాలు ముందే బిగుసుకుపోయి ఉంటే వాటిని వదులు చేయాలట, ఇంకా బిగించకూడదట. ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో పొట్టతో ఊపిరి తీయడం నేర్పారు. ఆ కాల్ కూడా కొబ్బరితోటలో కూర్చుని మాట్లాడాను. ఇంట్లో మావగారి ముందు ఇలాంటివి ఎలా చెప్తామండీ?

ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే ఇ-సంజీవని సేవలో డాక్టరుతో ఉచితంగానే మాట్లాడొచ్చు. పరీక్షకు మాత్రం పంటు ఎక్కాల్సిందే.