కల్పాక్కం నుంచి అంబులెన్స్ వస్తే క్యాజువాలిటీలో ఏం చేస్తారు?

మా పిన్ని కూతురు నెల్లూరులో నర్సింగ్ చదివి, ఇప్పుడు చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీలో పనిచేస్తోంది. మొన్న ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఊరికే అడిగాను, కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో ఏదో జరిగి ఇద్దరు వర్కర్లను మీ దగ్గరికే తెచ్చారనుకో, ఏం చేస్తారే అని. ‘‘ఫైర్ డ్రిల్ అయితే ఏటా పెడతారన్నయ్యా. రేడియేషన్ అంటే మాకు ఎక్స్‌రే రూమ్ తలుపు మీద పసుపు బొమ్మ, అంతే’’ అంది. కాసేపాగి తనే అడిగింది, ‘‘ముందు బీపీ చూడాలా, రేడియేషన్ కొలిచే మీటరు పెట్టాలా?’’

ముందు బీపీయే. రక్తం కారుతుంటే ఆపాలి, ఊపిరి అందకపోతే గొట్టం వేయాలి, మీటరు సంగతి ఆ తర్వాత. రేడియేషన్ తగిలిన మనిషి వేరు, ఒంటిమీద రేడియోధార్మిక దుమ్ము పడ్డ మనిషి వేరు, ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం భయం. మొదటి మనిషిని ముట్టుకుంటే మనకేమీ అంటదు. రెండో మనిషికి బట్టలు విప్పించి సంచిలో కట్టేస్తే దుమ్ములో దాదాపు 90 శాతం వాటితోనే పోతుంది, మిగతాదానికి గోరువెచ్చని నీళ్లు, సబ్బు. గౌను, గ్లౌజులు, మాస్కు వేసుకుని ఈ పని చేసే నర్సుకు వచ్చే ప్రమాదం చాలా తక్కువ. అణు ప్రమాదం అనగానే మనం ఊహించుకునే తెల్ల సూట్ల సీనుకీ దీనికీ చాలా దూరం.

చెన్నైకి దక్షిణాన దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, కల్పాక్కంలో మద్రాస్ అణు విద్యుత్ కేంద్రం ఉంది, 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు, 1980లలో మొదలైనవి. అక్కడే వాడేసిన అణు ఇంధనాన్ని మళ్లీ శుద్ధి చేసే రీప్రాసెసింగ్ ప్లాంటు కూడా ఉంది, 2003 జనవరిలో అందులో ఆరుగురు ఉద్యోగులకు ఏడాది పరిమితిని మించి రేడియేషన్ తగిలింది. 2004 సునామీలో సముద్రం పంప్‌హౌస్‌లోకి వచ్చినా నడుస్తున్న రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. కానీ పక్కనే టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. అంటే ప్లాంటు నిలబడినా చుట్టూ రోడ్లు, ఇళ్లు, ఆస్పత్రులు కుదేలయ్యే రోజు రావచ్చు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే అణు, రేడియేషన్ అత్యవసర పరిస్థితుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అరక్కోణంలో ఈ పనికి శిక్షణ పొందిన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందమూ ఉంది. కాగితం మీద లోటు లేదు. నా గొడవంతా కాగితానికీ క్యాజువాలిటీ గేటుకీ మధ్య ఉన్న దూరం గురించే.

ఎందుకంటే అసలు వైద్యం చెన్నైలో లేదా అంటే, ఉంది. క్యాన్సర్ వార్డుల్లో ఉంది. ఎక్కువ డోసు తగిలితే మొదట దెబ్బతినేది ఎముక మజ్జ, తెల్లకణాలు పడిపోతాయి, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి, రక్తం గడ్డకట్టదు. కీమోథెరపీ రోగులకు ఇదే బాధ రోజూ చూసే డాక్టర్లు అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు, వెల్లూరు సీఎంసీలో ఉన్నారు. తెల్లకణాలను పెంచడానికి వాళ్లు వాడే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌నే 2015లో అమెరికా రేడియేషన్ జబ్బుకు కూడా ఆమోదించింది. చేతిలో ఉన్న మందే. కాకపోతే రోగి వచ్చేది రక్త జబ్బులు చూసే హెమటాలజిస్టు దగ్గరికి కాదు, రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టర్ దగ్గరికి.

ఆ డ్యూటీ డాక్టర్‌ను మోసం చేసే గుణం ఈ జబ్బుకుంది. ఒక గ్రే (ఒంటికి తగిలిన డోసును కొలిచే యూనిట్) దాటి డోసు తగిలిన మనిషికి కొన్ని గంటల్లో వాంతులు మొదలవుతాయి, తర్వాత తగ్గిపోతాయి, మనిషి లేచి కూర్చుని టీ అడుగుతాడు. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు, బాగానే ఉంటాడు. గ్యాస్ట్రిక్ అని రాసి ఇంటికి పంపేస్తే మజ్జ కూలిపోయే సమయానికి వాడు ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికి తెలుసు. పట్టుకునే దారి ఖరీదైనదేం కాదు. వాంతి ఎన్ని గంటలకు మొదలైందో రాసుకోవాలి, సీబీసీ అనే రక్తకణాల పరీక్ష (మనవైపు ల్యాబుల్లో సీబీపీ అంటారు) మొదటి రెండు రోజులు ఆరేసి గంటలకోసారి తీస్తూ లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎంత వేగంగా పడిపోతున్నాయో చూడాలి. ఈ ఒక్క ముక్క క్యాజువాలిటీ గోడ మీద అంటించి ఉంటే చాలంటాను.

చెర్నోబిల్‌లో 134 మందికి తీవ్ర రేడియేషన్ జబ్బు ఖాయమైంది, 1986లోనే కొన్ని నెలల్లో 28 మంది పోయారు. 13 మందికి మజ్జ మార్పిడి చేశారు, పెద్దగా ఫలితం రాలేదు. చాలామందిని తీసుకుపోయింది మజ్జ ఒక్కటే కాదు, బీటా కిరణాల వల్ల చర్మం కాలిపోవడం కూడా. అంటే కాలిన గాయాల వార్డు లేకుండా ఈ సన్నద్ధత గురించి మాట్లాడటం దండగ. చెన్నైలో కిల్పాక్ ప్రభుత్వాస్పత్రికి ఆ విభాగంలో మంచి పేరుంది, దానికీ క్యాన్సర్ వార్డులకీ కలిపి ఒక్క మాక్ డ్రిల్ పెట్టి చూడండి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలన్న దగ్గరే సగం రోజు గడిచిపోతుందని నా అనుమానం.

అయోడిన్ మాత్రల గురించి ఒక మాట, ఎందుకంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముందు వచ్చేది అదే. పొటాషియం అయోడైడ్ థైరాయిడ్‌ను మాత్రమే కాపాడుతుంది, అదీ రేడియోధార్మిక అయోడిన్ లోపలికి వెళ్లకముందో, వెళ్లిన కొద్ది గంటల్లోనో వేసుకుంటేనే. సీజియం అనే మరో రేడియోధార్మిక పదార్థం మింగిన మనిషికి ప్రష్యన్ బ్లూ అనే మందు కావాలి, అది మూల మీది మెడికల్ షాపులో దొరికేది కాదు.

ఇక జనం. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాతసామాన్ల వాళ్లు పగలగొట్టిన, క్యాన్సర్ చికిత్సకు వాడే సీజియం యంత్రం వల్ల నలుగురు చనిపోయారు. స్టేడియంలో 1,12,000 మందిని పరీక్షిస్తే 249 మంది మీద మాత్రమే కాలుష్యం కనిపించింది. మిగతావాళ్లంతా భయంతో వచ్చినవాళ్లే, వాళ్లను తప్పుపట్టలేం. కానీ అంతమంది ఓఎంఆర్ మీద ఆస్పత్రుల గేట్ల ముందు నిలబడితే నిజంగా దెబ్బతిన్న ఇద్దరు లోపలికి ఎలా వస్తారు? ఆ ఊళ్లో చనిపోయిన చిన్నపిల్లను పాతిపెట్టనివ్వకుండా జనం రాళ్లు వేశారు. మనం అలా చేయం అనుకోకండి, 2020 ఏప్రిల్‌లో ఇదే చెన్నైలో కోవిడ్‌తో పోయిన ఒక డాక్టరు అంత్యక్రియల దగ్గర ఏం జరిగిందో అందరం చూశాం.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. భూముల నష్టపరిహారం గురించి ఎంత మాట్లాడుకున్నామో, విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీ గురించి అందులో పదో వంతైనా మాట్లాడుకున్నామా?

నిన్న రాత్రి మా చెల్లి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. అంబులెన్స్ ఆగే చోట గోడకు ఒక కుళాయి, దానికి చుట్టలు చుట్టిన రబ్బరు గొట్టం. ‘‘ఇక్కడ కడగొచ్చు కదా అన్నయ్యా?’’ అని అడిగింది. కడగొచ్చు, కాకపోతే రోగికి చాటుగా ఒక తెర కావాలి, బట్టలకు సంచులు కావాలి అన్నాను. కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది, కుళాయి తిప్పి చూసిందట, నీళ్లు రావడం లేదట.